ఎడమ పట్టీ

"మళ్ళీ మొదట్నించీ చెప్పండి టీచరమ్మా," అంది డిటెక్టివ్.

"ఇప్పటికే చాలాసార్లు చెప్పానమ్మా."

"చెప్పారు. ఏడుస్తూ చెప్పారు. ఏడుపులో కొన్ని మాటలు కొట్టుకుపోతాయి. ఈసారి ఏడవకుండా చెప్పండి."

కోటలో గడియారం బురుజు కింద ఉన్న టిక్కెట్ల గది అది. ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు ఊపిరి పీల్చుకోవడానికి బయటికి వెళ్ళాల్సిందే. టీచరమ్మ తన నీలం బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులా వాటేసుకుంది. పాఠం చెబితే వెనక బెంచీ దాకా వినబడే గొంతట. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌కే సరిగ్గా వినబడడం లేదు.

ఈ టీచరమ్మా, ఇవాళ పొద్దుట్నించీ కనబడకుండా పోయిన నర్సమ్మా ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. ఉద్యోగాలు చేసి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మోకాళ్ళు మొరాయించే వయసులో, ఇక లోకం చూద్దామని వీపుల మీద బ్యాగులు తగిలించుకుని బయల్దేరారు. "అమ్మా, ఆ బ్యాగుని నువ్వు మోస్తావా, అది నిన్ను మోస్తుందా?" అన్నాడు టీచరమ్మ పెద్దకొడుకు. నర్సమ్మ సంగతి ఇంకా ఘోరం. మనిషి మరీ పొట్టి. ఎర్రబ్యాగు తగిలించుకుంటే, వెనకనించి చూసేవాళ్ళకి బ్యాగుకే కాళ్ళు మొలిచి నడిచిపోతున్నట్టుండేది. దారిలో ఒక ఊళ్ళో ఓ కుక్క మొరుగుతూ మీదికి వచ్చి, ఈ వింత చూసి మొరగడం మానేసి, రోడ్డు పక్కన కూర్చుని ఆలోచనలో పడిందట. నమ్మినా నమ్మకపోయినా ఇది టీచరమ్మ స్వయంగా చెప్పిన మాట.

"పట్టీలు ఎంత బిగించినా జారిపోయేవి," అంది టీచరమ్మ. "అందుకని బాగా పొట్టిగా లాగేసి, రెండు పట్టీలకీ బ్యాండేజీ గుడ్డ చుట్టి ముడేసింది. ఆ ముడి నేను విప్పబోతే నా గోరు విరిగింది. 'ఒసేయ్, ఇది నర్సు వేసిన ముడి. నర్సే విప్పాలి' అని నవ్వింది."

నవ్వింది అన్న మాట దగ్గర ఆవిడకి మళ్ళీ ఏడుపొచ్చింది.

"ఇప్పుడు నిన్నటి మాట చెప్పండి. కొళాయి దగ్గర మాట."

"నిన్న ఎండ మండిపోయింది. కోటంతా తిరిగి తిరిగి కొళాయి దగ్గర ఆగాం. మగవాళ్ళందరూ చొక్కాలు వదులు చేసుకుని మెడలు కడుక్కుంటున్నారు. మా గైడు ఉన్నాడు, మూలన కూర్చున్న ఈ టిక్కెట్ల బాబు ఉన్నాడు, మాతో తిరిగిన వాళ్ళు ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. నేను కెమెరా పట్టుకుని పావురాల వెంట పడ్డాను. అది వెనకనించి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అంత ఎండలోనూ దాని చెయ్యి మంచుగడ్డలా ఉంది. 'ఒసేయ్, ఆ కుట్లు నావేనే' అంది."

"ఎవరి ఒంటి మీద?"

"అదే చెప్పలేదమ్మా! నేను తిరిగి చూసేసరికి అందరూ గుండీలు పెట్టేసుకున్నారు."

తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. గైడు మంచినీళ్ళ గ్లాసులతో లోపలికి వచ్చాడు. పొడుగాటి మనిషి, ఒంటి మీద మందపాటి కోటు. ఎవరితో మాట్లాడినా తల ఒక పక్కకి వంచి, చెప్పేదంతా తన మంచికేనన్నట్టు వినయంగా వింటాడు. పొద్దుట్నించీ టీచరమ్మ పక్కనుంచి కదలకుండా ధైర్యం చెబుతున్నది అతనే.

"కాస్త గొంతు తడుపుకోండమ్మా. పొద్దుట్నించీ ఏమీ తీసుకోలేదు మీరు."

"నువ్వు చల్లగా ఉండాలి నాయనా," అంది టీచరమ్మ.

గైడు గ్లాసులు బల్ల మీద పెట్టి, పిలిస్తే పలికేంత దూరంలో గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఆ పావురాల ఫొటోల్లో కొళాయి పడిందా?" అడిగింది డిటెక్టివ్.

టీచరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "పడే ఉంటుంది! పావురాలు దాని వెనకే కదా ఎగిరాయి. రీలు ఇంకా కెమెరాలోనే ఉంది. కెమెరా ఇదిగో, ఈ బ్యాగులో."

"అందులోనే ఉండనివ్వండి. సాయంత్రానికల్లా స్టూడియోలో కడిగిద్దాం. ఇంతకీ ఆ కుట్ల కథేమిటి?"

టీచరమ్మ ఒక గుక్క నీళ్ళు తాగి గ్లాసు దించింది.

"చాలా ఏళ్ళ కిందట, దాని వార్డుకి ఒక ఖైదీని తీసుకొచ్చారు. మంచానికి సంకెళ్ళు వేసి పడుకోబెట్టారు. మెడ దగ్గర్నించి భుజం కిందిదాకా కత్తిగాటు. మొహమంతా కట్లే. డాక్టరు ఎంతకీ రాకపోతే ఇదే కుట్టింది. దాని కుట్లు చూసి ఆసుపత్రిలో వాళ్ళు, రోగం నయమయ్యాక కూడా విప్పించుకోవాలనిపించదు అనేవారు. మర్నాటికి ఆ ఖైదీ లేడు. కాపలా జవాను మాత్రం వరండాలో పడున్నాడు. మెడకి సెలైను గొట్టం చుట్టి ఉంది. అతన్ని మొదట చూసింది ఇదే. అప్పట్నించీ ఖాళీ వరండా అంటే దానికి ప్రాణం పోతుంది. ఇన్నేళ్ళొచ్చినా లాడ్జిలో రాత్రిపూట బాత్రూముకి నన్ను లేపి తోడు తీసుకెళ్తుంది. అలాంటిది, ఇవాళ పొద్దున నన్ను లేపకుండా, బ్యాగు తగిలించుకుని ఒక్కతే వరండా దాటి వెళ్ళింది. ఎందుకెళ్ళిందమ్మా?"

"నిన్న రాత్రి ఏమంది?"

"'పొద్దున వెలుగులో ఇంకోసారి చూసి చెప్తా. ఊరికే ఒకరి మీద నింద వెయ్యకూడదు' అంది. అంతే. దాని సుగరు సూదులన్నీ ఆ ఎర్రబ్యాగులోనే ఉన్నాయి. ఆ బ్యాగేమో బురుజు పైన దొరికింది. మధ్యాహ్నం సూది పడకపోతే దానికి కళ్ళు మూతలు పడిపోతాయి. ఎక్కడుందో, ఎలా ఉందో..."

"చల్లగా ఉంటుంది," అన్నాడు గుమ్మంలోంచి ఎవరో. "అగడ్తలో నీళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి."

ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. ఆయన్ని ఊళ్ళో అందరూ చాటుగా శుభం అంటారు. సినిమా ఇంకా పేర్ల దగ్గరుండగానే తెర మీద శుభం వేసేసే రకం. డిటెక్టివ్‌ని పోలీసుస్టేషన్లో అభ్యంతరం అంటారు. ఆయన శుభం వేసిన ప్రతిచోటా ఈవిడ లేచి నిలబడుతుంది కనక. అది చాలదన్నట్టు వీళ్ళిద్దరూ వదినా మరుదులు. పండగపూట ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాల్సిన ఖర్మ కూడా ఉంది.

"పోయినావిడ గురించి ఇదా మాట్లాడే తీరు?" అంది డిటెక్టివ్, కూర్చున్నచోటినుంచే.

"చూశావా, నువ్వే పోయినావిడ అన్నావు వదినా."

"కనబడకుండా పోయినావిడ అని నా అర్థం. మిగతాది నీ చెవి చేర్చుకుంది."

టీచరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇన్‌స్పెక్టరు కాస్త గొంతు తగ్గించాడు.

"నా మాట వినండమ్మా. పెద్దావిడ పొద్దున్నే బురుజెక్కింది. సుగరు మనిషి, కళ్ళు తిరిగాయి. పైన బ్యాగు దించి, గోడ మీదికి ఒంగి ఉంటుంది. కింద అగడ్త. మావాళ్ళు ఆ పక్కన దిగి వెతుకుతున్నారు. పైకెక్కడం చూసిన సాక్షి కూడా ఉన్నాడు. ఏమయ్యా, చెప్పు."

మూలన స్టూలు మీద కూర్చున్న టిక్కెట్ల గుమస్తా ఉలిక్కిపడ్డాడు. పొద్దుట్నించీ చెప్పిందే చెప్పీ చెప్పీ అతని మొహం వాడిపోయింది.

"చూశానండి. తెరవగానే జనం ఒక్కసారి తోసుకుంటూ ఎక్కారు. అప్పుడే చినుకులు పడుతున్నాయి. వాళ్ళలో ఎర్రబ్యాగు ఎక్కడం చూశాను."

"ఎర్రబ్యాగు ఎక్కిందా, నర్సమ్మ ఎక్కిందా?" అంది డిటెక్టివ్.

"అదేమిటండి? బ్యాగు తనంతట తను ఎక్కుతుందా?"

"మొహం చూశావా?"

"వానకోటు టోపీ ఉందండి. అయినా మెట్లు నా కిటికీకి అటువైపు. నాకు కనబడేవన్నీ వీపులే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొహాలకంటే వీపులే ఎక్కువ చూశాను."

"ఆవిడ నీ దగ్గర టిక్కెట్టు కొందా?"

గుమస్తా బుర్ర గోక్కున్నాడు. "గుర్తు లేదండి."

"అంతంత బ్యాగుతో అంత పొట్టి మనిషి వచ్చి అడిగితే గుర్తుండదా?"

"అభ్యంతరం మొదలైంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు పైకప్పు వంక చూస్తూ. "వదినా, నీకు బ్యాగు చూడాలనుంది, అంతేగా? అక్కడే ఉంది. పంచనామా అవలేదని కదిలించలేదు. రా, చూసేసి ఇంటికెళ్ళి పడుకో."

డిటెక్టివ్ లేచింది. అంతలో టీచరమ్మ ఆవిడ కొంగు పట్టుకుంది.

"నన్ను ఒక్కదాన్నీ వదలకండమ్మా. దాని కుట్లున్నవాడు ఇక్కడే ఎక్కడో తిరుగుతున్నాడు. నాకు భయంగా ఉంది."

టీచరమ్మ ఆ మోకాళ్ళతో బురుజు ఎక్కలేదు. ఈ గదిలో గుమస్తాతో వదులుదామంటే, కొళాయి దగ్గర మెడ కడుక్కున్నవాళ్ళలో గుమస్తా కూడా ఒకడు. డిటెక్టివ్ అతని వంక ఒకసారి చూసింది. మెడ దాకా బిగించిన కాలరు. ఇంత ఉక్కలో పై గుండీ కూడా విప్పలేదు. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి గైడుని పిలిచింది.

"బాబూ, ఈవిడని లాడ్జికి తీసుకెళ్ళు. నేను వచ్చేదాకా పక్కనుంచి కదలకు. ఎవరు పిలిచినా వదిలిపెట్టకు."

"మా అమ్మనైతే వదిలేస్తానాండీ," అన్నాడు గైడు, తల వంచి. "ఆ బ్యాగు ఇలా ఇవ్వండమ్మా, నేను మోస్తాను."

టీచరమ్మ మొహంలోకి పొద్దుట్నించీ లేని రంగు కొంచెం వచ్చింది. ఇన్‌స్పెక్టరు జేబులోంచి తాళంచెవి తీసి గైడు చేతిలో పెట్టాడు.

"వెళ్ళేముందు మెట్ల తలుపుకి బయటినుంచి తాళం వెయ్యి. జనం ఒకటే ఎగబడుతున్నారు. అరగంటలో తాళంచెవి ఎవరిచేతైనా పంపు."

"అలాగేనండి."

బురుజు మెట్లు మెట్లలా లేవు. గోడకి వేసిన నిచ్చెనలా ఉన్నాయి. రెండు పక్కలా ఇనుప గొలుసులు వేలాడదీశారు. రెండు చేతులా పట్టుకుని పైకి లాక్కుంటే తప్ప మనిషి ఎక్కలేడు. సగం దూరం వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరు రొప్పు బురుజంతా మోగింది. కింద తలుపు మూసిన చప్పుడూ, తాళం పడిన చప్పుడూ వినబడ్డాయి. వెలుగు తగ్గిపోయింది. ఎక్కడో గబ్బిలం ఒకటి కదిలింది. ఇన్‌స్పెక్టరు గొలుసు గట్టిగా పట్టుకుని, "ఏమిటది?" అన్నాడు.

"అత్తగారు. నీ కోసమే వచ్చింది," అంది డిటెక్టివ్ పైనుంచి. కానీ ఆవిడ గొంతులోనూ పరాచికం సరిగ్గా పలకలేదు. ఒక చేత్తో గొలుసు వదిలి చూసింది. ఒళ్ళు వెనక్కి తూలింది. వెంటనే పట్టుకుంది.

"మరిదిగారూ, ఈ మెట్లు బ్యాగు చేత్తో పట్టుకుని ఎక్కగలమా?"

"చేత్తోనా? మెడ విరుగుతుంది. వీపుకి తగిలించుకోవాల్సిందే."

"ఆ మాట గుర్తుపెట్టుకో."

పైన గాలి విసురుగా ఉంది. నెత్తిమీదే గడియారం, దాని పళ్ళచక్రాలు గరగరమంటున్నాయి. నడుమెత్తు గోడ. దాని వారన ఎర్రబ్యాగు కూర్చుని ఉంది, ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు. ఒకవైపు కింద అగడ్త, అందులో ఇన్‌స్పెక్టరు మనుషులు చీమల్లా కనబడుతున్నారు. రెండోవైపు ముంగిలి, లాడ్జి సందు.

డిటెక్టివ్ గోడ దగ్గరికి వెళ్ళలేదు. బ్యాగు ముందు కూర్చుంది. జిప్పు తీసింది. మందుల పెట్టె, సూదులు, మడతపెట్టిన బట్టలు, అన్నీ ఉన్నాయి. బ్యాగుని పక్కకి వంచి అడుగు చూసింది. వేలితో రాసి ఇన్‌స్పెక్టరు మొహం ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"బూడిదలా ఉంది."

"పాత బూడిద. తడిసి గడ్డకట్టింది. ఈ బురుజు మీద ఎక్కడన్నా ఉందా?"

"ఊళ్ళు తిరిగే బ్యాగు వదినా. ఎక్కడెక్కడో దించి ఉంటారు."

"మరి ఇది?" ఆవిడ పట్టీలు ఎత్తి పట్టుకుంది. "టీచరమ్మ ఏం చెప్పింది? జారిపోకుండా, బాగా పొట్టిగా లాగేసి ముడేసిందని కదూ? ఇదిగో, ఇక్కడ పట్టీ మీద మురికి గీత చూడు. రోజుల తరబడి బ్యాండేజీ చుట్టి ఉన్న చోటు అది. ఇప్పుడు ముడి అక్కడ లేదు. పట్టీ పొడుగ్గా వదిలేసి, ఇంత దూరాన కట్టి ఉంది. గుడ్డ కూడా కొత్తది. తెల్లగా మెరుస్తోంది."

"జారిపోయి ఉంటుంది."

"ముడి జారితే జారిందనుకుందాం. మురికి గుడ్డ జారుతూ జారుతూ ఉతుక్కుందా? నిలబడు. తగిలించుకో."

"నేనా?"

"నా మరిదివి కావా? ఒక్కసారి."

కింద ఎవరూ చూడడం లేదని చూసుకుని, ఇన్‌స్పెక్టరు ఎర్రబ్యాగు తగిలించుకున్నాడు. ఆయన వీపు మామూలు వీపు కాదు. ఆ వీపు అడ్డుపడి ఒకసారి ఊరేగింపే దారి మార్చుకుందని స్టేషన్లో చెప్పుకుంటారు. అంత వీపుకీ బ్యాగు సునాయాసంగా పట్టింది.

"నర్సమ్మ నీ మోచేతి దాకా ఉంటుంది," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "ఇలా వదిలితే ఆవిడకి బ్యాగు మడమలకి కొట్టుకుంటుంది. గొలుసు పట్టుకుని ఒక్క మెట్టు ఎక్కలేదు. ఇది ఎక్కించింది ఆవిడ కాదు. పొడుగాటి మనిషి. గుమస్తా చూసింది వాడి వీపు. ఆవిడ పైకెక్కి పడిపోయిందని మనం అనుకోవాలి, అందుకే తెచ్చి పెట్టాడు."

ఇన్‌స్పెక్టరు ఈసారి శుభం అనలేదు. భుజాలు అటూ ఇటూ కదిపాడు. "ఇదేదో ఒక పక్కకి లాగుతోంది వదినా. ఎడమవైపు పైకి ఎగదన్నుతోంది."

డిటెక్టివ్ వెనక్కి వెళ్ళి చూసింది. నిజమే. కుడి పట్టీ పొడుగు, ఎడమ పట్టీ దానికంటే నాలుగు వేళ్ళు పొట్టి. రెండింటికీ ఒకే రకం ముడి. విప్పబోతే గోరు విరిగే ముడి.

ఆవిడ గోడకి చెయ్యి ఆనించింది.

"ఈ ముడి వాడు వెయ్యలేదు," అంది. "నర్సమ్మ వేసింది."

"నర్సమ్మా?"

"వాడికి పాతముడి విప్పడం చేతకాలేదు. కోస్తే కోసినట్టు తెలిసిపోతుంది. అందుకని ఆవిడచేతే విప్పించాడు. ఆవిడ విప్పింది. అంతటితో ఊరుకోలేదు. మెట్ల మీద జారకుండా సరిచేస్తానని ఉంటుంది. రోగికి పట్టీ కొలిచినట్టు, వాడి ఒంటికి సరిపడా కొలిచి, కొత్త గుడ్డతో కట్టి బిగించింది. వాడు ఇక్కడ దించాక, పట్టీలు మళ్ళీ పొట్టిగా చేద్దామని చూసే ఉంటాడు. ముడి రాలేదు. కిందినుంచి జనం వస్తున్నారు. వదిలేసిపోయాడు." ఆవిడ ఎడమ పట్టీని వేళ్ళతో నిమిరింది. "తన కుట్లున్న ఆ భుజం పక్కనే నిలబడి, మనకోసం వాడి కొలతలు తీసి పంపింది మరిదీ. ఇంతకంటే వాంగ్మూలం ఏం కావాలి?"

"అంటే ఆవిడ..."

"ఈ ముడి వేసేటప్పటికి బతికే ఉంది. ఈ బురుజు మీద కాదు. బూడిదున్న చోట ఉంది."

ఇన్‌స్పెక్టరు భుజం మీది పట్టీ తడుముకున్నాడు. "ఎడమ పట్టీ పొట్టి ఎందుకు?"

"ఎడమ భుజం కుంగినవాడికి బ్యాగు అటుపక్క దిగిపోతుంది. దాన్ని సరిచెయ్యాలంటే ఆ పట్టీ పైకి లాగాలి. మెడనించి భుజం దాకా తెగిన గాయం. నరం పోయి ఉంటుంది. భుజం వాలిపోయింది."

"అలా భుజం వాలినవాడు ఎవడూ నా కంటపడలేదే!"

"మందపాటి కోటు వేసుకుంటే కనబడదు. అయితే మెడ ఆ పక్కకి లాగుతూ ఉంటుంది. మాట్లాడుతున్నప్పుడు తల కొంచెం..."

ఆవిడ ఆగిపోయింది.

తల కొంచెం ఒక పక్కకి వంచి. వినయంగా. మా అమ్మనైతే వదిలేస్తానాండీ.

మంచినీళ్ళ గ్లాసులు తెచ్చినప్పుడు ఆ కుట్ల మాట విన్నాడు. గుమ్మం బయట నిలబడి రీలు మాట విన్నాడు. ఎవరు పిలిచినా వదిలిపెట్టకు అని ఆవిడే చెప్పి పంపింది. తన నోటితోనే.

డిటెక్టివ్ ఒక్క ఉదుటున ముంగిలివైపు గోడ మీదికి ఒంగింది.

కింద ఇద్దరు నడుస్తున్నారు. ముందు గైడు, వెనక టీచరమ్మ. గైడు ఒకచోట ఆగాడు. వీపు మీది నీలం బ్యాగు ఎడమపక్కకి ఒరిగింది. అతను చెయ్యి వెనక్కి పెట్టి ఎడమ పట్టీ పట్టుకుని, ఒక్క లాగు లాగాడు. బ్యాగు తిన్నగా కూర్చుంది. ఎన్నో ఏళ్ళ అలవాటున్న చెయ్యి అది. ఆలోచించకుండానే చేసింది.

లాడ్జి సందు కుడిపక్కన ఉంది. వాళ్ళు అటు తిరగలేదు. ముంగిలి చివర పాత స్నానశాల ఉంది. ఎన్నో తరాల కిందట నీళ్ళు కాచిన కొలిమి, దాని మీద విరిగిన పొగగొట్టం. లోపల బూడిద తప్ప చూడడానికి ఏమీ లేదని, పర్యాటకులని రోజూ దాని ముందునుంచే దాటించేసేవాడు గైడు.

"టీచరమ్మా!" అని అరిచింది డిటెక్టివ్. "ఆగండి! వెనక్కి రండి!"

సరిగ్గా అప్పుడే నెత్తిమీద గడియారం మధ్యాహ్నం గంటలు కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గంటకీ బురుజు రాళ్ళు అదిరాయి. ఆవిడ అరుపు ఆవిడ చెవికే వినబడలేదు. ఇన్‌స్పెక్టరు ఈల తీసి బుగ్గలు పగిలేలా ఊదాడు. అవతలివైపు అగడ్తలో వెతుకుతున్న ఆయన మనుషుల్లో ఒక్కడు కూడా తల తిప్పలేదు. ఎర్రబ్యాగు వీపున ఉండగానే ఇన్‌స్పెక్టరు మెట్ల మీదికి దూకాడు. గొలుసులు గలగలమన్నాయి. కింద చీకట్లో తలుపుని భుజంతో గుద్దిన చప్పుడు, మళ్ళీ గుద్దిన చప్పుడు. గంటల మధ్య సందులోంచి ఆయన గొంతు పైకొచ్చింది. ఆ గొంతు డిటెక్టివ్ ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు.

"వదినా! తాళం! తాళంచెవి వాడికి నేనే ఇచ్చాను వదినా!"

డిటెక్టివ్ రెండు చేతులూ పైకెత్తి పిచ్చిదానిలా ఊపింది.

గైడు ఎందుకో తలెత్తాడు. బురుజు మీద ఆవిడని చూశాడు. పరిగెత్తలేదు. కంగారుపడలేదు. తల ఒక పక్కకి వంచి, అతిథిని సాగనంపుతున్నట్టు, మర్యాదగా నవ్వాడు. తర్వాత స్నానశాల తలుపు తోసి, పక్కకి జరిగి, టీచరమ్మకి దారిచ్చాడు.

టీచరమ్మ కూడా అతను చూసిన వైపు చూసింది. పైన డిటెక్టివ్ చేతులూపుతోంది. నేనిక్కడే ఉన్నాను, భయం లేదు, వెళ్ళండి అంటోందనుకుంది కాబోలు. పొద్దుట్నించీ మొదటిసారి ఆవిడ మొహంలో ధైర్యం కనబడింది.

ఆవిడ కూడా చెయ్యెత్తి ఊపింది. ఊపి, గడప దాటి లోపలికి వెళ్ళింది.